మొగలి చెట్టు లేకపోతే ఆ నాట్యం లేదు!

పోయిన మార్చి నెలలో ఓ రోజు పొద్దున్నే పొయ్యి మీద పప్పు పెట్టి, పోపులోకి ఎండుమిరపకాయలు తుంచుకుంటూంటే ఫోను మోగింది. మా చెల్లెలు. న్యూజిలాండులో ఆక్లాండ్‌లో ఉంటుంది. ‘‘అక్కా, ఒక వీడియో పంపాను. పనంతా అయ్యాక తీరిగ్గా చూడు’’ అంది. తీరిగ్గా చూడమంటే ఆగుతామా? అప్పుడే చూశాను. పప్పు అడుగంటింది. మా వారు ఆ పూట మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు!

వీడియోలో పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయి నాట్యం చేస్తోంది. మా చెల్లెలి కూతురితో కలిసి చదువుకునే పిల్లట. వాళ్ళది సమోవా దేశం. తల మీద ఎత్తయిన కిరీటం, మెడలో దండలు. ఒంటికి రాసుకున్న నూనె ఎండలో తళతళలాడుతోంది. చీరలా, ఓణీలా ఏమీ కట్టుకోలేదు. రొమ్ముల దగ్గర్నుంచి మోకాళ్ళ కిందిదాకా ఒక చాప చుట్టుకుంది. అవును, చాపే! కానీ పట్టుగుడ్డలా మెత్తగా ఒంటిని అంటిపెట్టుకుని ఉంది.

గెంతడాలు, గిరగిరా తిరగడాలు లేవు. మోకాళ్ళు దగ్గరగా పెట్టి చిన్న చిన్న అడుగులు వేస్తోంది. చెయ్యి ఎత్తితే గాలిలో ఆకు కదిలినట్టుంది. మొహంలో చిరునవ్వు చెరగడం లేదు. ఆమె చుట్టూ మాత్రం నలుగురైదుగురు కేకలు వేస్తూ, కోతిచేష్టలు చేస్తూ, ధబీమని నేల మీద పడిపోతున్నారు. ‘ఇదేం పాడుపని! ఆ పిల్ల అంత చక్కగా ఆడుతుంటే వీళ్ళు చెడగొడుతున్నారేమిటి?’ అనుకున్నాను.

సాయంత్రం మా చెల్లెలికి ఫోన్ చేసి ఇదే అడిగాను. తను నవ్వి, ‘‘అక్కా, వాళ్ళు ఆ పిల్లను వెక్కిరించడం లేదు, గౌరవిస్తున్నారు. నువ్వు నిలకడగా ఉండు, గందరగోళం మేం పడతాం అని చెప్పడమన్నమాట’’ అంది. దానికి ఐవులి అని పేరు కూడా ఉందట. ఇంటి ఆడపిల్ల మెరవడానికి మిగిలినవాళ్ళు మట్టిలో పొర్లడం! ఎంత గొప్ప ఊహ!

నా కళ్ళు మాత్రం చాప మీదే ఉన్నాయి. మనకి నాట్యం కన్నా చీర మీదే కదా చూపు! ‘‘ఆ చాప ఏమిటే?’’ అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. తెలిసింది మీతో చెబుతాను.

ఎక్కడిదీ దేశం?

ప్రపంచ పటంలో న్యూజిలాండుకీ హవాయి దీవులకీ మధ్య పసిఫిక్ సముద్రంలో చుక్కల్లా కనిపిస్తాయి సమోవా దీవులు. సవాయి, ఉపోలు అనేవి పెద్ద దీవులు. రాజధాని అపియా ఉపోలులో ఉంది. 1962 జనవరి 1న న్యూజిలాండు పాలన నుంచి స్వతంత్రం పొందింది. పసిఫిక్ దీవుల్లో ముందుగా స్వతంత్రం వచ్చింది ఈ దేశానికే. 1997 వరకు పడమటి సమోవా అనేవారు, ఆ ఏడాది నుంచి ఉత్త సమోవా అయింది. జనాభా సుమారు 2 లక్షలు. మన ఒక మోస్తరు పట్టణంలో ఉండేంత మంది! పక్కనే అమెరికా ఏలుబడిలో ఉన్న దీవులు వేరే ఉన్నాయి, వాటిని అమెరికన్ సమోవా అంటారు.

వాళ్ళకీ మనలాగే కుటుంబమంటే అమ్మానాన్నా పిల్లలే కాదు. పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు అందరూ కలిస్తేనే ఐంగా, అంటే కుటుంబం. దానికో పెద్ద ఉంటాడు. ఊరి పెద్ద దొర కూతురిని తౌపౌ అంటారు. పూర్వం ఊరికి అతిథులొస్తే మర్యాదలు చూడడం, పండగల్లో చివరి నాట్యం చెయ్యడం ఆమె వంతు.

ఆ చివరి నాట్యం పేరు తౌవలుంగా. ఈ మాటకి మరో అర్థం కూడా ఉంది. ఇల్లు కట్టేటప్పుడు కప్పు మీద అన్నిటికన్నా పైనున్న దూలం బిగించి పని పూర్తి చెయ్యడాన్ని కూడా తౌవలుంగా అనే అంటారు. ఆ దూలం పడితేనే ఇల్లు ఇల్లవుతుంది. ఈ నాట్యం జరిగితేనే పండగ పండగవుతుంది.

ఆడుతున్నంతసేపూ చూసేవాళ్ళు వచ్చి నోట్లు కానుకగా ఇస్తూ ఉంటారు. దాన్ని లాఫో అంటారు. ఆ డబ్బు నాట్యం చేసిన పిల్ల ఒక్కదానికే అనుకోకండి. బడికో, చర్చికో, కుటుంబానికో వెళుతుంది.

1830లో ఇంగ్లండు నుంచి వచ్చిన మతప్రచారకులకి రాత్రిళ్ళు చేసే నాట్యాలు నచ్చలేదు. మాన్పించాలని చూశారు. సమోవా వాళ్ళు కొత్త మతాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించారు కానీ నాట్యాన్ని వదులుకోలేదు. ఇవాళ అదే చర్చి కోసం చందాలు పోగుచేసేటప్పుడు కూడా నాట్యం జరుగుతుంది!

ఒంటి మీదంతా అడవే

ఇప్పుడు ఆ చాప సంగతికి వస్తాను. దాన్ని ఇయే తోంగా అంటారు. దేంతో నేస్తారో తెలుసా? మన మొగలి జాతి చెట్టు ఆకులతో! మనం జడలో తురుముకునే మొగలిపువ్వు ఉందే, దానికి దగ్గరి చుట్టమైన చెట్టు.

ముందు ఆకుల అంచుల్లో ముళ్ళు తీసేస్తారు. ఆకు పైపొరను విడదీసి, కట్టలు కట్టి సముద్రపు నీళ్ళలో నానబెడతారు. తరవాత ఎండలో ఆరబెడితే తెల్లగా తేలుతుంది. అప్పుడు దాన్ని సన్నటి పోగులుగా చీలుస్తారు. ఎంత సన్నం పోగు తీస్తే అంత గొప్ప చాప. మగ్గం ఉండదు, కూర్చుని చేతి వేళ్ళతోనే అల్లాలి. మంచి చాప పూర్తి కావడానికి నెలలు పడుతుంది, మరీ సన్ననిదైతే ఏళ్ళే పడతాయి! చివర అంచుకి ఎర్రటి ఈకలు కుడతారు. పూర్వం చిన్నరకం చిలకల ఈకలు వాడేవారు. ఇప్పుడు రంగు అద్దిన కోడి ఈకలు వాడుతున్నారు.

ఇంత కష్టపడి నేసింది పరుచుకుని కూర్చోవడానికి కాదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఊరిపెద్ద పదవి ఇచ్చేటప్పుడు ఒక కుటుంబం మరో కుటుంబానికి బహుమతిగా ఇస్తుంది. ఒక ఇంట్లోంచి మరో ఇంట్లోకి తరతరాలు తిరుగుతూనే ఉంటుంది. పాతబడ్డకొద్దీ విలువ పెరుగుతుంది. మన ఇళ్ళలో అమ్మమ్మ కాసులపేరులా అన్నమాట!

పెద్ద తప్పు చేసినవాళ్ళు క్షమాపణ అడగడానికి కూడా ఈ చాపే. దాన్ని నెత్తి మీద కప్పుకుని అవతలివాళ్ళ ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటారు. వాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. దీన్ని ఇఫోంగా అంటారు. 1970లలో పసిఫిక్ దీవుల వాళ్ళ ఇళ్ళ మీద తెల్లవారుజామున పోలీసులు దాడులు చేసి వేధించినందుకు, 2021 ఆగస్టు 1న ఆక్లాండ్‌లో అప్పటి న్యూజిలాండు ప్రధాని జసిండా ఆర్డెన్ క్షమాపణ చెప్పారు. ఆవిడ కూడా ఈ చాప కింద తల దాచుకుని కూర్చున్నారు! ఒక దేశ ప్రధాని తల వంచిన చాప అది. యునెస్కో వాళ్ళు 2019లో ఈ కళను కాపాడుకోవలసిన మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చారు.

మిగిలిన అలంకారం కూడా చెట్టు పుట్టల్నించి వచ్చిందే. తల మీది కిరీటం తుయింగా. అసలైన పాతకాలపు తుయింగాని మనిషి వెంట్రుకలు, గవ్వలు, ఈకలు కూర్చి చేసేవారు. చాపకి బదులు ఒక్కోసారి సియాపో అనే బట్ట కడతారు. ఒక రకం మల్బరీ చెట్టు కొమ్మల లోపలి బెరడు తీసి, గవ్వలతో గీకి, చెక్క మీద పెట్టి సుత్తితో బాది బాది వెడల్పు చేస్తారు. మరో చెట్టు బెరడు పిండితే వచ్చే గోధుమరంగు రసంతో దాని మీద ముగ్గుల్లాంటి బొమ్మలు వేస్తారు. ఒంటికి రాసుకునేది కొబ్బరినూనె. అందులో మొసొవోయి పూలు వేసి వాసన కట్టిస్తారు. ఆ పూలచెట్టు మన మనోరంజితం, సీతాఫలం కుటుంబానికి చెందిందే.

చూశారా? మొగలి, మల్బరీ, కొబ్బరి, పూలచెట్టు, సముద్రపు గవ్వ. వీటిలో ఏది పోయినా ఆ పిల్ల అలంకారంలో ఒకటి తగ్గినట్టే. అందుకే నాట్యాన్ని కాపాడాలనుకున్న మనిషి చెట్టునీ సముద్రాన్నీ కాపాడక తప్పదు.

తుఫానులొచ్చాయి, తెగుళ్ళొచ్చాయి

ఆ దీవుల కష్టాలు వింటే మన కోస్తా వాళ్ళకి మనసు కలుక్కుమంటుంది. 1990 ఫిబ్రవరిలో ఓఫా తుఫాను, మర్నాటి ఏడాది డిసెంబరులో వాల్ తుఫాను అడవుల్ని ఊడ్చిపెట్టేశాయి. 1993లో చేమ ఆకులకి మచ్చ తెగులు పట్టి, వాళ్ళ రోజువారీ తిండి అయిన చేమదుంప పంటంతా పోయింది. 2009 సెప్టెంబరు 29న సునామీ వచ్చి దక్షిణ తీరంలోని ఊళ్ళు కొట్టుకుపోయాయి, నూటికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ళ జాతీయ పక్షి మనుమేయా అనే పావురం, ముక్కుకి పళ్ళలాంటి నొక్కులుంటాయి. ఇప్పుడు అడవిలో కనపడడమే గగనమైపోయింది.

మరి వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారా? లేదు!

సవాయి దీవిలో ఫలియాలుపో అనే ఊరుంది. 1988లో ఆ ఊరికి బడి కట్టుకోవలసి వచ్చింది, చేతిలో డబ్బు లేదు. అడవిని కలప కంపెనీకి అమ్ముకోవడం తప్ప దారి కనపడలేదు. అప్పుడు అక్కడ మందుమొక్కల గురించి చదువుతున్న పాల్ కాక్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బడికి డబ్బు పోగుచేసిచ్చాడు, ఊరివాళ్ళు అడవిని నరకనివ్వమని మాటిచ్చారు. ఊరిపెద్ద ఫుయోనో సెనియోకి, కాక్స్‌కి కలిపి 1997లో గోల్డ్‌మాన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

ఇందులో మనం గుర్తుంచుకోవలసిన ఇంకో పేరుంది. ఎపెనెసా మౌయింగోవా. నాటువైద్యం చేసే ఆడమనిషి. పచ్చకామెర్లకి మమాలా చెట్టు బెరడు వాడతామని కాక్స్‌కి చెప్పింది ఆవిడే. ఆ బెరడులోంచి తీసిన పదార్థం మీద ఎయిడ్స్ వైరస్ విషయంలో పరిశోధనలు జరిగాయి. మందంటూ తయారై లాభం వస్తే సమోవాకి వాటా ఇస్తామని 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒప్పందం రాసిచ్చింది. నరికేసి ఉంటే ఆ చెట్టూ తెలిసేది కాదు, ఆ మనిషి తెలివీ తెలిసేది కాదు.

నాట్యపు బట్టల విషయానికొస్తే, ఒక కాలంలో చాపలు త్వరగా అయిపోవాలని ముతక పోగులతో నెయ్యడం మొదలైంది. సన్నచాప నేసే చేతులు తగ్గిపోయాయి. 1991లో ఏర్పడిన ‘విమెన్ ఇన్ బిజినెస్’ అనే ఆడవాళ్ళ సంస్థ దీన్ని చక్కదిద్దింది. నెలల తరబడి కూర్చుని నేసేవాళ్ళకి మధ్యలో ఇల్లు గడవాలి కదా! అందుకని చాప పూర్తయ్యేదాకా కొద్దికొద్దిగా డబ్బు అందే ఏర్పాటు చేసింది. పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు కూర్చుని నేర్చుకున్నారు. ఇదే సంస్థ ఊళ్ళలో మందులు కొట్టని కొబ్బరితో నూనె తీయించి, 2008 నుంచి విదేశీ కంపెనీకి అమ్మింది. కొబ్బరిచెట్టు బతికింది, ఇల్లాలి చేతిలో నాలుగు డబ్బులూ ఆడాయి.

అలాగే అమెరికన్ సమోవాలో మేరీ ప్రిచర్డ్ అనే ఆవిడ, సియాపో కళ అంతరించిపోతున్న రోజుల్లో ముసలమ్మల దగ్గర కూర్చుని నేర్చుకుంది. తనలోనే దాచుకోకుండా వందల మందికి నేర్పింది. 1984లో దాని మీద పుస్తకం రాసింది.

ఇప్పటి పిల్లలు ఏం చేస్తున్నారు?

పరాయి దేశంలో పుట్టిన పిల్లలకి ఇవన్నీ పడతాయా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఆక్లాండ్‌లో ‘పాలీఫెస్ట్’ అని బడిపిల్లల ఉత్సవం జరుగుతుంది. 1976లో నాలుగు బడులతో మొదలై, ఇవాళ వేలమంది పిల్లలు ఆడేంత పెద్దదయింది. మా చెల్లెలు పంపిన వీడియో అక్కడిదే.

సిడ్నీలో పెరిగిన మోయెమోవానా ష్వెంకే అనే అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. వాళ్ళ ఇంట్లోనే మతావాయి అనే నాట్యబృందం ఉంది. నాట్యమే ఆమె బతుకు. 2023లో మిస్ సమోవా అయింది. 2024లో నౌరూ దేశంలో జరిగిన పోటీలో మిస్ పసిఫిక్ ఐలండ్స్ కిరీటం కూడా గెలుచుకుంది. అందాల పోటీ అంటే మనం మొహం చిట్లిస్తాం. కానీ ఆ పిల్ల ఆ వేదికని సమోవా నాట్యానికీ, ఆ నేలకీ నీటికీ గొంతు ఇవ్వడానికి వాడుకుంది.

బ్రియానా ఫ్రూయెన్ అనే మరో సమోవా అమ్మాయి 2021లో గ్లాస్గోలో ప్రపంచ దేశాధినేతలు కూర్చున్న వాతావరణ సదస్సు ప్రారంభంలో మాట్లాడింది. పసిఫిక్ యువత ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, ‘మేం మునిగిపోవడం లేదు, పోరాడుతున్నాం’ అని. వినడానికి ఎంత బావుందో!

నాకు తగిలిన మాట

వీడియోలో నాట్యం చేసిన పిల్ల ఇంటికి మా చెల్లెలు ఒకసారి వెళ్ళింది. నేను అడగమన్న ప్రశ్నలే అడిగింది. ఆ చాప పిల్ల అమ్మమ్మ సవాయిలో నేసిందట. ఆవిడ ఇప్పుడు లేరు. పిల్ల తల్లి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. ‘‘మా అమ్మ నేర్చుకోవే అని ఎన్నిసార్లు పిలిచిందో! చదువుంది, పనుంది అని తప్పించుకున్నాను. ఇప్పుడు చాప అంచు ఊడితే కట్టుకోవడం కూడా నాకు రాదు’’ అందట కళ్ళనీళ్ళతో. అందుకే పిల్ల సెలవుల్లో సవాయి వెళ్ళి, తాత చెల్లెలి దగ్గర కూర్చుని నేర్చుకుంటోంది. ఇప్పటికి జానెడు నేసిందట. జానెడే! కానీ ఆగిపోయిన చోటి నుంచి మళ్ళీ మొదలైంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా పుట్టింటి ఊళ్ళో కాలవగట్టున మొగలిపొదలుండేవి. మా అమ్మమ్మ తాటాకుతో చాపలు, బుట్టలు అల్లేది. ‘‘ఇలా రావే, పక్కన కూర్చో’’ అంటే నేను పుస్తకం పట్టుకుని డాబా మీదకి పారిపోయేదాన్ని. పెళ్ళయి కాపురానికొచ్చాక బజారులో రంగురంగుల ప్లాస్టిక్ చాపలు కొనుక్కుని మురిసిపోయాను. అమ్మమ్మ పోయి పదిహేనేళ్ళయింది. కాలవగట్టు మీద రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొగలిపొదలు కూడా పోయాయి. మొన్న ఊరెళ్ళినప్పుడు మా పెద్దమ్మ దగ్గర కూర్చుని, సిగ్గు విడిచి, తాటాకు బుట్ట అల్లడం నేర్పమన్నాను. మొదటి బుట్ట వంకరగా వచ్చింది. ఉల్లిపాయలు వేసుకుంటున్నాను దాన్లో!

మీ ఇంట్లో కూడా ఓ పెద్దావిడ ఉండే ఉంటుంది. ఆవిడ చేతికి ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. ఈ ఆదివారం టీవీ కట్టేసి పక్కన కూర్చుని అడగండి. దానికి కావలసిన ఆకో, గడ్డో, చెట్టో మీ ఊళ్ళో ఇంకా ఉందేమో కూడా చూడండి. నేర్చుకోవడం ఒక్కటే చాలదు, ఆ చెట్టు కూడా ఉండాలి కదా!

వంటింట్లో సమోవా: పాలుసామి

పేరు వింటే పక్కింటి అబ్బాయి పేరులా ఉంది కదూ! ఇది వాళ్ళ పండగ వంటకం. వాళ్ళు కాల్చిన రాళ్ళ మీద, ఆకులు కప్పి వండుతారు. మనం ఇడ్లీపాత్రలో చేసుకోవచ్చు. నేను చేసిన పద్ధతి ఇది.

కావలసినవి: లేత చేమాకులు 12, కొబ్బరికాయ 1, ఉల్లిపాయ 1, ఉప్పు తగినంత, అరిటాకు ముక్కలు.

చేసే విధం: చేమాకులు కడిగి కాడలూ, లావు ఈనెలూ తీసెయ్యాలి. కొబ్బరి తురిమి చిక్కటి పాలు తీసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు కలపాలి. మూడు ఆకులు ఒకదాని మీద ఒకటి దొన్నెలా పట్టుకుని, మధ్యలో నాలుగు చెంచాల పాలు పోసి మూటలా మడవాలి. వాడ్చిన అరిటాకులో చుట్టి దారంతో కట్టి, గంటసేపు ఆవిరి మీద ఉడికించాలి. తొందరపడి దించారో, గొంతు దురద ఖాయం! మా ఇంట్లోవాళ్ళకి చప్పగా అనిపిస్తుందని నేను రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేశాను, తినేటప్పుడు నిమ్మకాయ పిండుకున్నాం. వేడన్నంలోకి బ్రహ్మాండంగా ఉంది. ఈసారి పప్పు అడుగంటనివ్వలేదు లెండి!